ముందు కుక్కర్ కొను తమ్ముడూ, సిప్ సంగతి తర్వాత చూద్దాం

ప్రశ్న: అన్నా, మాది కావలి. నెల్లూరులో ఉద్యోగం, వేదాయపాళెంలో రూము, చేతికి 32,000 వస్తుంది. వంట రాదు, రెండు పూటలా యాప్‌లో ఆర్డరే, తిండికే నెలకు 11,000 అవుతోంది. క్రెడిట్ కార్డు మీద 46,000 బాకీ ఉంది, నెలకు 3.5 శాతం వడ్డీ, మినిమమ్ 2,300 కడుతున్నా. 3,000తో సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టడం) మొదలుపెట్టమంటారా?

జవాబు: అన్నా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. సిప్ ఇప్పుడు వద్దు. నీ బాకీ మీద నెలకు వడ్డీ 1,610, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,900, అంటే నువ్వు కట్టే 2,300లో అసలుకు పోయేది 400 రూపాయలే. పైగా బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా గీకినదానికి వడ్డీ లేని గడువు ఉండదు, ఈ రాత్రి కార్డు మీద తెప్పించిన బిర్యానీకి ఈ రాత్రి నుంచే వడ్డీ మొదలు. ఏడాదికి 42 శాతం పోతున్న చోట ఏ ఫండు తెచ్చే లాభమూ నిలవదు.

నీ ఖర్చుల్లో తగ్గించడానికి వీలున్నది తిండి ఒక్కటే. రెండు పూటలూ ఇంట్లో వండుకుంటే నాలుగు వేలు, నాలుగున్నర వేలల్లో సరిపోతుంది. ఇక్కడే మన పిలకాయలు చాలామంది తప్పు చేస్తారు, వంట మొదలుపెడదామనుకోగానే ఈఎంఐలో మిక్సీ, ఓవెన్, నాన్‌స్టిక్ సెట్టు కొనేస్తారు, రెండు వారాలకు అవి అటక మీద ఉంటాయి, ఈఎంఐ మాత్రం నడుస్తూ ఉంటుంది. నీకు కావాల్సింది ఇండక్షన్ స్టవ్వు, మూడు లీటర్ల కుక్కరు, ఒక బాండలి, కత్తి, పోపుల డబ్బా, అంతే. మామూలు అల్యూమినియం కుక్కరు ఇండక్షన్ మీద పనిచేయదు, అడుగు ఇండక్షన్‌కి పనికొస్తుందని రాసి ఉన్నదే అడిగి తీసుకో.

మొదటి నెల రాత్రి పూట ఒక్కటే వండు, మిగిలిన డబ్బుతో ఈ సామాను కొనుక్కో. అన్నం, పప్పుతో మొదలుపెట్టు. అర గ్లాసు కందిపప్పు కడిగి ఇరవై నిమిషాలు నానబెట్టి, గ్లాసున్నర నీళ్లు, చిటికెడు పసుపు, ఒక చుక్క నూనె వేసి నాలుగు విజిల్స్ రానివ్వు. చింతపండు ముందే వేయకు, పులుపు తగిలితే పప్పు ఉడకదు, బద్ద బద్దగానే ఉంటుంది. ఆవిరి పోయాక మెదిపి, ఉడికిన తోటకూర, చింతపండు రసం, ఉప్పు కలిపి ఒక పొంగు రానిచ్చి పోపు పెట్టు. ఆవాలు చిటపటమన్నాకే జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు. ఇది కుదిరాక పప్పుచారు, వేపుళ్లు అవే వస్తాయి. కూరగాయలు ఫత్తేఖాన్‌పేట రైతుబజారులో మూడు రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకో, ఫ్రిజ్ లేని రూములో వారానికి సరిపడా కొంటే సగం చెత్తబుట్టకే. మాడిపోయిన రోజు టెన్షన్ పడి యాప్ తెరవకు, పెరుగన్నం, ఊరగాయతో ఆ పూట గడిచిపోతుంది. చేపల పులుసు రెండు నెలలయ్యాక పెట్టు, మామిడికాయ వేసి ఆదివారం రాత్రి పెడితే సోమవారానికి ఇంకా బాగుంటుంది, రెండు పూటలకూ వస్తుంది.

రెండో నెల నుంచి మధ్యాహ్నానికీ క్యారేజీ కట్టుకో. అప్పుడు మిగిలే 6,500, ఇప్పుడు కడుతున్న 2,300 కలిపి నెలకు 8,800 కార్డుకే కట్టు, కార్డును మళ్లీ గీకకుండా ఉంటే మొత్తం ఏడు నెలల్లో బాకీ తీరిపోతుంది. తీరాక అదే 8,800ని పోస్టాఫీసు ఆర్డీకి (నెలనెలా కట్టే డిపాజిట్) మళ్లించు, మూడు నెలల ఖర్చులు చేతిలో ఉండేదాకా.

ఈ ఆదివారం కావలి వెళ్లినప్పుడు అమ్మను పక్కన నిలబెట్టి పోపు నువ్వే పెట్టు, వచ్చేటప్పుడు కందిపొడి ఒక డబ్బా తెచ్చుకో. కార్డు బాకీ సున్నా అయిన స్టేట్‌మెంట్ వచ్చాక మళ్లీ రాయి, ఏ ఫండ్‌లో సిప్ అన్నది అప్పుడు చూద్దాం.