మీ ఫొటోలోది బొనాంజా కాదు, ప్లానెట్ శాటిలైట్

మీరు పెట్టిన విమానం ఫొటో 1948లో ఇంగ్లండ్‌లో తీసిందన్నారు. తోక ‘వి’ ఆకారంలో ఉంది కాబట్టి బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా అనే అమెరికన్ చిన్న విమానం అనుకున్నారు, మరి ముక్కు దగ్గర ప్రొపెల్లర్ ఏదని అడిగారు. మీ అనుమానం సరైనదే. ఫొటోని పెద్దది చేసి తోక కొస చూడండి, ప్రొపెల్లర్ అక్కడ ఉంటుంది. తోక కింద నేలవైపు ఇంకో రెక్క కూడా కనిపిస్తుంది. అంటే అది ‘వి’ కాదు, ఇంగ్లిష్ ‘వై’ అక్షరం. బొనాంజాకి ఇవి రెండూ లేవు.

ఇది బ్రిటన్‌లో తయారైన నలుగురు కూర్చునే ప్లానెట్ శాటిలైట్. 250 హార్స్‌పవర్ జిప్సీ క్వీన్ ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది. అక్కడి నుంచి పొడవాటి షాఫ్ట్ తోకలోని ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. బాడీకి మెగ్నీషియం మిశ్రమం వాడారు, అల్యూమినియంతో పోలిస్తే మూడింట రెండు వంతుల బరువే. ఆ నున్నటి బాడీ చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

1948 ఫార్న్‌బరో విమానాల ప్రదర్శనలో పెట్టారు కానీ సరిగ్గా ఎగరడం ఎప్పుడూ కుదరలేదు. బ్లాక్‌బుష్ ఎయిర్‌ఫీల్డ్‌లో పరీక్షించినప్పుడు కాస్త పైకి లేచి దిగగానే చక్రాల కాళ్లు కూలిపోయాయి. బాగుచేసి మళ్లీ లేపితే, దిగాక అడుగున బరువంతా మోసే కీల్ పగిలిందని తేలింది. డిజైన్ చాలావరకు మార్చాల్సి రావడంతో ఆపేశారు. రెండో విమానం బాడీని ఫర్త్ అనే కంపెనీ హెలికాప్టర్‌కి వాడారు, అదీ ఎగరలేదు.

తోక భాగం స్పష్టంగా ఉన్న కాపీ ఉంటే తప్పకుండా పెట్టండి.