టెక్ సందేహాలు: విసిగి వదిలేసిన ఆటలోకి మళ్లీ వెళ్లొచ్చా?

ప్రశ్న: 2023 చివర్లో గెన్షిన్ ఇంపాక్ట్ ఆడటం మానేశాను. రోజూ లాగిన్ అవ్వడం ఆఫీసు పనిలా తయారై విరక్తి పుట్టింది. ఇప్పుడు ఫ్రెండ్స్ మళ్లీ రమ్మంటున్నారు. కథ ఎక్కడిదాకా వచ్చిందో చూడాలని నాకూ ఉంది. కానీ మళ్లీ అదే ఊబిలో దిగుతానేమో! దాచుకున్న విష్‌లు (కొత్త పాత్రల కోసం వేసే లాటరీ అవకాశాలు) ఇంకా ఉంటాయా?
– ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు రాసిందాంట్లోనే సగం జవాబు ఉంది. కథంటే ఇష్టం, లాగిన్ అంటే విరక్తి. మీకు మొహం మొత్తింది ఆట కాదు, రెజిన్. అంటే కాలంతో పాటు నిండుతూ, బహుమతులు తీసుకోవడానికి ఖర్చయ్యే శక్తి.

రెజిన్ 8 నిమిషాలకొకటి చొప్పున నిండుతుంది. మీరు మానేసేనాటికి పరిమితి 160, అంటే 21 గంటల 20 నిమిషాల్లో నిండిపోయేది. రోజుకు ఒక్కసారి, అదే వేళకు ఆట తెరిచేవాళ్లకు ప్రతిరోజూ 20 రెజిన్ నేలపాలు. డొమైన్‌లో (శత్రువులను ఓడించి బహుమతి తీసుకునే చోట) ఒక బహుమతి ఖరీదు సరిగ్గా 20. ఏదో పోతోందన్న ఆ బెంగ మీ ఊహ కాదు, లెక్కలోనే ఉంది. 2024 జూన్‌లో వచ్చిన 4.7 వెర్షన్‌లో పరిమితిని 200కి పెంచారు. ఇప్పుడు నిండటానికి 26 గంటల 40 నిమిషాలు పడుతుంది కాబట్టి ఓ రెండు గంటలు అటూఇటూ అయినా ఏమీ పోదు.

డొమైన్‌లో మారనిది ఆర్టిఫాక్ట్‌ల (పాత్రలకు తొడిగి బలం పెంచే వస్తువుల) జూదం. చాలామంది ఇక్కడే విసిగిపోతారు. మీ పాత్రకు పైరో (నిప్పు) డ్యామేజ్ పెంచే గోబ్లెట్ కావాలనుకుందాం. డొమైన్‌లో రెండు సెట్లు పడతాయి, కావలసింది వచ్చే అవకాశం సగం. సెట్‌లోని ఐదు భాగాల్లో అది గోబ్లెట్ అవ్వాలి, ఐదింట ఒకటి. అందులో మెయిన్ స్టాట్ (ప్రధాన గుణం) పైరో అవ్వడానికి ఆటగాళ్లు పోగుచేసిన లెక్కల ప్రకారం 5 శాతం. మూడూ గుణిస్తే 200 ఆర్టిఫాక్ట్‌లకు ఒకటి. రోజంతా నిండే 180 రెజిన్‌తో తొమ్మిది బహుమతులు. అంటే సగటున మూడు వారాల పైమాటే. దొరికాక దాన్ని 20వ లెవెల్‌కు తీసుకెళ్తుంటే ప్రతి నాలుగు లెవెల్స్‌కూ ఒక సబ్ స్టాట్ (అదనపు గుణం) పెరుగుతుంది. 4, 8, 12... క్రిట్ రేట్ (పెద్ద దెబ్బ పడే అవకాశం) కోసం ఊపిరి బిగబట్టి చూస్తుంటే మూడుసార్లూ డిఫెన్సే పెరగడం ఆడినవాళ్లందరికీ తెలిసిన నరకం. కాబట్టి గోబ్లెట్ ఒక్కటి ఏ సెట్‌దైనా సరే పెట్టేసి, మిగతా నాలుగూ ఒకే సెట్‌వి చూసుకోండి. కథ పూర్తిచెయ్యడానికి అంతకుమించి అక్కర్లేదు.

విష్‌ల సంగతి. ప్రిమోజెమ్‌లు (విష్‌లకు ఖర్చయ్యే రత్నాలు), ఫేట్‌లు (విష్ టికెట్లు) ఎక్కడివక్కడే ఉంటాయి. పిటీ లెక్క (ఫైవ్ స్టార్, అంటే అతి అరుదైనది రాకుండా ఇప్పటిదాకా తీసిన విష్‌ల సంఖ్య) కూడా పోదు. హిస్టరీ తెరిస్తే ఖాళీగా కనబడి గుండె గుభేల్‌మనొచ్చు. పాత ఎంట్రీలు గడువు దాటాక అక్కడ కనిపించవంతే. మీరు ఆపినప్పుడు 60 దగ్గర ఉంటే ఇప్పుడూ అదే రకం బ్యానర్‌లో (విష్‌లు తీసే లాటరీలో) 60 దగ్గరే ఉంటారు, క్యారెక్టర్ బ్యానర్ అయితే 90కి ఫైవ్ స్టార్ ఖాయం. నిజంగా పోయినవి ఆ మధ్యలో జరిగిన ఈవెంట్లు, గడువు తీరిన మెయిల్ బహుమతులు. వాటి జోలికి వెళ్లకండి, యూట్యూబ్‌లో వెతుక్కుని బాధపడే పని అసలే వద్దు.

ఇక డైలీ కమిషన్లు, అంటే రోజూ ఇచ్చే నాలుగు చిన్న పనులు. నాలుగూ చేస్తే 60 ప్రిమోజెమ్‌లు. నెలంతా ఒక్కరోజూ తప్పకుండా చేస్తే 1,800. విష్ ఒక్కటి 160 కాబట్టి పదకొండు విష్‌లు. ఆ 90లో పదకొండు! ఇంతోటిదానికి నెలంతా నిద్రమొహంతో ఫోన్ పట్టుకోవడం ఏం సుఖమో మీరే చెప్పండి. వెల్కిన్ మూన్ అనే నెల ప్యాక్ మాత్రం ఇప్పుడే కొనొద్దు. రోజుకు 90 ప్రిమోజెమ్‌ల చొప్పున 30 రోజులిస్తుంది, లాగిన్ కాని రోజువి గల్లంతు. డబ్బు కట్టి మరీ హాజరుపట్టీలో పేరు రాయించుకోవడం అది.

నా సలహా: వెళ్లండి, కానీ ఏడు రోజుల షరతుతో. డౌన్‌లోడ్‌కు ముందే ఆట తయారీ సంస్థ హోయోవర్స్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి చూడండి. పాత ఈమెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోయారని 30 జీబీ దించుకున్నాక తెలిస్తే ఒళ్లు మండుతుంది. ఫోన్‌లో చోటు చాలకపోతే ఆట సెట్టింగ్స్‌లో పూర్తయిన క్వెస్ట్‌ల ఫైళ్లు తీసేయొచ్చు. నోటిఫికేషన్లు ఆపేయండి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, డ్యాష్‌బోర్డ్‌లోకి వెళ్లి గెన్షిన్ పక్కనున్న టైమర్‌ను గంటకు పెట్టండి. డొమైన్ మధ్యలో యాప్ ఆగిపోతే రెజిన్ పోతుందన్న భయం వద్దు, చివర్లో చెట్టు దగ్గర బహుమతి తీసుకుంటేనే అది ఖర్చవుతుంది.

ఆ వారమంతా ఆర్కాన్ క్వెస్ట్ (ప్రధాన కథ) తప్ప ఏదీ ముట్టుకోవద్దు. రెజిన్ నిండి పొర్లిపోనివ్వండి. 200/200 చూసి కూడా కథలోకే వెళ్లగలిగితే మీకు ఢోకా లేదు. నాలుగో రోజుకల్లా చెయ్యి డొమైన్ వైపు లాగుతోందంటే యాప్ తీసేయండి. అకౌంట్ ఎక్కడికీ పోదు, కథ క్వెస్ట్‌లకు గడువూ లేదు.

ప్రశ్న: రెండేళ్లుగా తెరవని నా క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఊరిని ఈపాటికి దోచేసి ఉంటారా? క్లాన్‌లో (ఆటగాళ్ల బృందంలో) చేరితే వార్‌కి రాలేదని తిడతారేమో.
– తెనాలి

జవాబు: దోచినా గోల్డ్, ఎలిగ్జిర్‌లలో కొంతే పోతుంది. కట్టడాలు, లెవెల్స్ అలాగే ఉంటాయి. సూపర్‌సెల్ ఐడీకి (ఆట తయారీ సంస్థ ఖాతాకు) కలిపి ఉంటే ఈమెయిల్‌కు వచ్చే ఆరంకెల కోడ్‌తో కొత్త ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. సైన్యం తయారీకి ఖర్చు 2022లో, ఎదురుచూపు 2025 మార్చిలో ఎత్తేశారు. ఇప్పుడు ఆట తెరిచి వెంటనే రెండు దాడులు చేసి మూసేయొచ్చు. క్లాన్‌లో చేరగానే ప్రొఫైల్‌లో వార్ ప్రిఫరెన్స్‌ను ఎరుపు చేయండి. లీడర్‌కు మీరు రానన్న సంగతి జాబితాలోనే కనిపిస్తుంది, సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. బిల్డర్లందరికీ చిన్నవి వదిలేసి రోజుల తరబడి పట్టే అప్‌గ్రేడ్‌లే అప్పగించండి. చిన్నవి పెడితే గంటగంటకూ ఫోన్ తీయాల్సి వస్తుంది.