ఉదయం తీసినా ఎడారి ఇసుక తిన్నెలు ఫొటోలో చదునుగా ఎందుకు వస్తాయి?

ఎక్కువసార్లు తప్పు కెమెరాది కాదు, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీయడం వల్ల. ఇసుక మీది చిన్న అలలు కొన్ని సెంటీమీటర్ల ఎత్తే ఉంటాయి. వెలుగు పక్క నుంచి, దాదాపు నేలను రాసుకుంటూ వస్తేనే వాటి వెనక నీడ పడుతుంది. సూర్యోదయం తర్వాత సుమారు గంటలో ఆ నీడలు కుంచించుకుపోతాయి. అందుకే సూర్యోదయానికి 45 నిమిషాల ముందే చేరండి. తిన్నె కొనకు ఒకవైపు వెలుగు, రెండోవైపు నీడ కనిపించేలా నిలబడండి. ఫ్రేములో పడే చోట మాత్రం అడుగు పెట్టకండి; పక్క వెలుగులో ప్రతి పాదముద్రా గుంతలా కనిపిస్తుంది.

ఐఎస్‌ఓ 100 (సెన్సార్ సున్నితత్వం), ఎఫ్/11 (లెన్స్ రంధ్రం పరిమాణం), రా ఫైల్ (సెన్సార్ నమోదు చేసిన ముడి ఫైల్) చాలు. ట్రైపాడ్ కాళ్లను ఇసుక గట్టిపడేదాకా దింపండి, లేకపోతే ఎక్స్‌పోజర్ (ఫొటో పడే సమయం) మధ్యలో కుంగుతుంది. ఫ్రేమంతా ఎండ పడిన లేత ఇసుకే అయితే కెమెరాలో వెలుగును కొలిచే మీటరు దాన్ని బూడిదరంగుకు దించేస్తుంది. కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) +0.7 నుంచి +1 పెట్టి, హిస్టోగ్రామ్ (వెలుగు స్థాయిల గ్రాఫ్) కుడి అంచున తెగిందేమో చూడండి; తెగితే బాగా వెలుగున్న చోట్ల వివరాలు పోయినట్టే. వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయను సరిచేసే సెట్టింగ్) ఆటోలో వదిలితే ఆ బంగారు ఛాయ పలచబడవచ్చు, డేలైట్‌లో ఉంచండి. గాలి ఉంటే లెన్స్ మార్చొద్దు, సెన్సార్ మీద ఇసుక చేరుతుంది.