సమాధానం: యూవీ లైట్ వేసినా పసుపు బ్యాక్టీరియా కాలనీలు ఎందుకు మిగులుతున్నాయి?

ల్యాబ్ హుడ్‌లో (క్రిములు పడకుండా పనిచేసుకునే పెట్టెలో) 20 నిమిషాలు యూవీ వేసినా ప్లేట్ల మీద పసుపు కాలనీలు, బాసిల్లస్ అనే బ్యాక్టీరియా వస్తున్నాయి, వాటిని రంగే కాపాడుతోందా అని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి, ఇక్కడ రంగు పాత్ర తక్కువే.

మీ లైట్ మామూలు 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యందే అయితే, పసుపునిచ్చే కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలు దాన్ని పెద్దగా ఆపలేవు. అవి ఎక్కువగా పీల్చుకునేది నీలి కాంతిని. వెలుతురులో కణం లోపల పుట్టే చురుకైన ఆక్సిజన్‌ను చల్లార్చడం వాటి అసలు పని. సార్సినా ల్యూటియా అనే పసుపు బ్యాక్టీరియాలో రంగు పోయిన మ్యూటెంట్ (జన్యువు మారిన రకం) వెలుతురుకి చచ్చిపోతుందని మాథ్యూస్, సిస్ట్రోమ్ అనే శాస్త్రవేత్తలు 1959లోనే చూపించారు.

బాసిల్లస్ చేసే స్పోర్ల (గట్టి పొరల్లో నిద్రపోయే కణాల) సంగతి వేరు. బాసిల్లస్ సబ్టిలిస్ స్పోర్ పైపొరలో కాట్-ఏ ఎంజైమ్ చేసే బ్రౌన్ రంగు ఎండలోని యూవీకి కొంత అడ్డు. 254 దగ్గర మాత్రం డీఎన్ఏను అంటిపెట్టుకున్న చిన్న ప్రోటీన్లే ముఖ్యం. తగిలిన దెబ్బను మొలకెత్తేటప్పుడు ఒక ఎంజైమ్ సరిచేసుకుంటుంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఇది అద్భుతమే!

ముందు లైట్ ఆపి, ట్యూబు మీది దుమ్ము తుడవండి. హుడ్‌లో సామాన్లు ఉంచకండి, వాటి నీడలో యూవీ పనిచేయదు. స్పిరిట్‌కి స్పోర్లు చావవు. పలచటి తాజా బ్లీచ్ రాసి, 10 నిమిషాలాగి, స్టెరైల్ నీళ్లతో తుడిచేయండి, లేకపోతే స్టీలు పాడవుతుంది.