నెలలు నిండకుండా పుట్టిన బాబుని ఇంటికి తెచ్చుకుంటున్న నా తల్లికి

తల్లీ, బాబుని ఈ వారంలో డిశ్చార్జ్ చేస్తారంట కదా, మీ అమ్మ ఫోన్‌లో చెప్తుంటే ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చాక అందరూ ఎంత బరువు పెరిగాడనే అడుగుతారు, ఎముకల సంగతి ఎవరికీ గుర్తుండదు, ఎన్ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో, ఇన్నేళ్ళు నర్సుగా చేసినదాన్ని కాబట్టి అది నేనే చెప్పాలి.

కడుపులో బిడ్డకి కాల్షియం, ఫాస్ఫరస్ దాదాపు 80 శాతం చివరి మూడు నెలల్లోనే చేరతాయి. మనవాడు 28 వారాలకే వచ్చేశాడు, ఆ వాటా వాడికి దక్కలేదు. నీ పాలల్లో హెచ్ఎంఎఫ్ సాచెట్, అంటే తల్లిపాలకి కాల్షియం, ఫాస్ఫరస్ లాంటివి జోడించే పొడి, కలిపేది అందుకే, ఎప్పటిదాకా కలపాలో డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకో, నీ అంతట నువ్వు ఆపొద్దు.

డి విటమిన్ డ్రాప్స్ మామూలుగా రోజుకి 400 యూనిట్లు ఇస్తారు, వాడికెంతో డాక్టర్ చెప్పిందే ఫైనల్. చిక్కంతా సీసా దగ్గరే. 1 ఎంఎల్‌కి 400 ఉన్నదీ దొరుకుతుంది, 800 ఉన్నదీ దొరుకుతుంది, మెడికల్ షాపులో అది లేదని ఇంకోటి చేతిలో పెడతారు, నువ్వు పాత లెక్కనే పోస్తే డోసు డబుల్ అయిపోద్ది. అలా రోజూ ఎక్కువైతే ఒంట్లో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, పాలు తాగకపోవడం మొదలవుతాయి. సీసా మారిన ప్రతిసారీ లేబుల్ ఫొటో డాక్టర్‌కి వాట్సాప్‌లో పెట్టి అడుగు, ఆ సీసాతో వచ్చిన డ్రాపర్‌తోనే కొలువు.

పొద్దున్నే ఎండ చూపిస్తే చాలు చుక్కలెందుకు అని మీ అత్తయ్యగారు అనొచ్చు. ఆ లేత ఎండలో డి విటమిన్ తయారయ్యేది చాలా తక్కువ, కిటికీ అద్దంలోంచి అయితే అస్సలు కాదు. గొడవ పడకు, చుక్కలు మాత్రం మానకు.

నాకు అన్నిటికంటే భయం స్నానం దగ్గర. నీళ్ళు పోసే ఆవిడ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి చేతులూ కాళ్ళూ గుంజుతుంది చూడు, అది వద్దంటే వద్దు. ఈ పిల్లల ఎముకలు అంత ఒత్తిడికే విరగొచ్చు. డైపర్ మార్చేప్పుడు కూడా రెండు మడమలు పట్టుకుని పైకి లేపకు, నడుం కింద చెయ్యి పెట్టి మెల్లగా ఎత్తు. ఒక చెయ్యో కాలో కదపడం మానేసినా, ముట్టుకుంటే గుక్కపట్టి ఏడ్చినా అదే రోజు హాస్పిటల్‌కి తీసుకెళ్ళు.

ఎముకలు బలహీనపడినా చాలామందిలో పైకి ఏమీ కనపడదు, రక్తంలో ఫాస్ఫరస్ తగ్గి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పెరిగితేనే తెలుస్తుంది, అందుకే చెకప్‌కి వెళ్ళినప్పుడు ఈ రెండు టెస్టులు ఎప్పుడు చేస్తారని అడుగు. రిపోర్టులు రాగానే నాకూ పంపు, ఎంత రాత్రయినా పర్లేదు.

మీ పెద్దమ్మ