నాక్ సెన్సర్ కోడ్ వచ్చిందని సెన్సర్ కొనొద్దురా అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పెట్టిన మెసేజ్ చూసినా. స్కానర్‌లో పీ0327 కోడ్ వచ్చింది, బండి ఓనరు పికప్ లేదంటాండాడు, మైలేజీ పడిపోయిందంటాండాడు, కొత్త నాక్ సెన్సర్ (సిలిండర్‌లో ఇంధనం తనకు తానే పేలి టకటకమనే నాక్‌ను పసిగట్టేది) ఆర్డర్ పెట్టేదా మామా అని అడిగినావు. రోంత ఆగు. ఆ కోడ్ సెన్సర్ పోయిందని చెప్పడం లేదు, సెన్సర్ నుంచి ఈసీయూకి, అంటే ఇంజిన్ నడిపే కంప్యూటర్‌కి, వచ్చే సిగ్నల్ ఉండాల్సిన దానికన్నా తక్కువుందని చెప్తాంది, అంతే. దానికి సెన్సరే కారణం కావచ్చు, వైరు కావచ్చు, కనెక్టర్‌లోకి నీళ్లు పోయి కావచ్చు. కడపలో నా దగ్గరికి వచ్చిన బండ్లలో అయితే వైరే ఎక్కువ, ఎలకలు మన ఊర్లలో కార్లను వదలవు కదా.

ముందు ఇంజిన్ నిజంగా నాక్ కొడతాందా, లేక చెక్ ఇంజిన్ లైటు మాత్రమే వెలిగిందా అనేది తేల్చుకో. రెండూ వేరే. నిజంగా నాక్ ఉండి సెన్సర్ బాగుంటే మామూలుగా ఈ కోడ్ రాదు, ఈసీయూ ఆ అదురు చూసి స్పార్క్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ కొట్టే వేళ) వెనక్కి లాగుతాది, పని అయిపోతాది. అదే సర్క్యూట్‌లో తేడా వస్తే నాక్ లేకపోయినా ఎందుకైనా మంచిదని టైమింగ్ ముందే తగ్గించి పెట్టుకుంటాది, మీ ఓనరు పికప్ లేదనేది దీనివల్లే అయ్యుండొచ్చు.

సెన్సర్ లోపల పెద్దగా ఏమీ ఉండదు. గ్యాస్ పొయ్యి లైటర్‌లో నొక్కితే టిక్కుమని నిప్పురవ్వ వస్తాదే, ఆ రకం పైజో (ఒత్తిడి పడితే కరెంటు పుట్టించే) ముక్కే. ఇంజిన్ బ్లాకుకి బోల్టుతో బిగించి ఉంటాది, బ్లాకు అదిరితే చిన్న ఏసీ ఓల్టేజీ ఇస్తాది. నాక్ అదురు బోరు సైజును బట్టి మామూలు బండ్లలో సుమారు 6, 7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటాది, ఈసీయూ ఆ శబ్దాన్నే వెతుక్కుంటాది. అందుకే బిగింపు ముఖ్యం. మధ్యలో రంధ్రం ఉండే ఫ్లాట్ సెన్సర్లకు చాలా వరకు 20 న్యూటన్ మీటర్లు, రోంత అటూ ఇటూ, నీ బండి మాన్యువల్‌లో చూసుకో. టార్క్ రెంచి తీసుకో, చేతి అంచనా ఈడ పనికిరాదు. కింద వాషర్ వేయొద్దు, బ్లాకు మీద తుప్పు గానీ పెయింటు గానీ ఉంటే గీకి శుభ్రం చేసి పెట్టు. ఎవరో వాషర్ వేసి బిగించిన బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది, అప్పటికే రెండు కొత్త సెన్సర్లు మార్చేసినారంట.

ఇంజిన్ చల్లారనీ, బ్యాటరీ నెగటివ్ తీసెయ్, ఎందుకంటే శానా బండ్లలో ఇది ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద స్టార్టర్ పక్కనే ఉంటాది, స్పానర్ తగిలితే మెరుపులే. కనెక్టర్ ఊడదీసి లోపల టార్చ్ వేసి చూడు. పిన్నుల మీద పచ్చగా పట్టిందా, కూలెంట్ గానీ ఆయిల్ గానీ కారి చేరిందా, పిన్ను వెనక్కి పోయిందా. తర్వాత వైరును వేళ్ల మధ్య పెట్టుకుని పొడుగునా తడుముకుంటా పో, కొరికిన చోట పైన తొక్క బాగానే కనిపించినా వేలికి గుంట తగులుతాది. ఇది షీల్డ్ (చుట్టూ లోహపు పొర) ఉన్న వైరు, లోపలి వైరు షీల్డ్‌కి తగిలితే సిగ్నల్ కిందికి పోతాది, 0327 రావడానికి అదొక కారణం. తెగితే మామూలు వైరు మెలేసి టేపు చుట్టొద్దు, షీల్డ్ వైరే వేసి సోల్డర్ పెట్టు, లేదంటే పక్కన ఇగ్నిషన్ కాయిల్స్ గోల అంతా దీంట్లోకి వచ్చేస్తాది.

వైరు బాగుంటే అప్పుడు సెన్సర్. మీటరు ఓమ్స్‌లో పెట్టి ఏమీ చూపలేదని పారేయొద్దు, కొన్నిట్లో ఒక మెగాఓమ్ దాటి ఉండటమే మామూలు, కొన్నిట్లో లోపల రెసిస్టర్ ఉంటాది కాబట్టి రెండు వందల కిలో ఓమ్స్ దగ్గర చూపొచ్చు. మాన్యువల్ చూడకుండా మంచిదో చెడ్డదో చెప్పలేవు. ఏసీ మిల్లీఓల్ట్స్‌లో పెట్టి, సెన్సర్ పక్కన బ్లాకు మీద చిన్న స్పానర్‌తో తట్టు, సెన్సర్ మీద మాత్రం కొట్టొద్దు, అంకె కదలాల. అసలు కదలకపోతే అనుమానించు. కదిలినంత మాత్రాన మంచిదని గుడక అనుకోవద్దు, చీప్ మీటరుకి అంత వేగం అందదు, సిగ్నల్‌ను గీతగా చూపించే స్కోప్ దొరికితే అదే మేలు.

వైరు గానీ సెన్సర్ గానీ సరి చేసినాక కోడ్ చెరిపి బండి గువ్వలచెరువు ఘాట్‌కు తీసుకుపో. పైకి ఎక్కేటప్పుడు ఒక గేరు ఎక్కువలో నొక్కితే లోడ్ పడతాది. స్కానర్ లైవ్ డేటాలో టైమింగ్, ఉంటే నాక్ రిటార్డ్ (నాక్ వల్ల టైమింగ్ ఎంత వెనక్కి పోయిందో), కూలెంట్ ఉష్ణోగ్రత ఒకరు చూడాల, ఒకరు తోలాల, ఆ మలుపుల్లో ఫోన్ చూస్తా తోలితే లారీల కింద పడతావు. పైన ఆగి పాలకోవా తింటే తిను, అది నీ ఇష్టం.

ఘాట్‌లో నిజంగానే టకటకమని వస్తే సెన్సర్ సంగతి మర్చిపో. రేడియేటర్ దుమ్ముతో మూసుకుపోయిందా, ఫ్యాన్ తిరుగుతాందా, ప్లగ్గులు ఆ ఇంజిన్‌కి చెప్పినవేనా, లోపల కార్బన్ ఉందా చూడు, మన ఎండాకాలంలో వేడి మీద నాక్ ఇంకా ఎక్కువ. ఒక ట్యాంకు ఇంకా ఎక్కువ ఆక్టేన్ (నాక్‌ను తట్టుకునే గుణం) ఉన్న పెట్రోల్ పోసి చూడమను, తగ్గితే ఇంధనమో కార్బనో అనుకోవచ్చు. ఇథనాల్ కలపడం వల్లే నాక్ వస్తాందని ఊరంతా చెప్తాండారు గానీ, ఇథనాల్ ఆక్టేన్ పెంచేదే, నాక్ విషయంలో దాన్ని తిట్టొద్దు.

ఇంకొకటి. ఎవరైనా వచ్చి సెన్సర్ బదులు రెసిస్టర్ పెట్టి లైటు ఆర్పెయ్ అంటే ఒప్పుకోవద్దు, ఈసీయూకి నాక్ వినపడదు, ఆ పిస్టన్ కరిగితే నీ షాపు ముందుకే వచ్చి నిలబడతారు.

కనెక్టర్ లోపలి ఫోటో, పీ0327 వచ్చినప్పటి ఫ్రీజ్ ఫ్రేమ్ (ఆ క్షణాన ఈసీయూ దాచుకున్న అంకెలు) రెండూ రాత్రికి పంపు, షాపు మూసినాక చూస్తా.

మీ మామ