గోల్ఫ్‌లో ఎక్కుడు వాలు మీద ఐరన్ షాట్ ఎందుకు చెడుతోంది? నాకు తెలిసినంతలో జవాబు

మీరు అడిగింది ఇది: చదునైన చోట 7 ఐరన్ (ఇనుప తల క్లబ్బుల్లో ఒకటి, అంకె తగ్గేకొద్దీ బంతి దూరం పోతుంది) 145 గజాలు బాగానే పోతోంది. కానీ గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వైపు నేల ఎక్కుతూ ఉన్నచోట బంతి ఆగితే మాత్రం క్లబ్ మట్టిలో దిగబడుతోంది, లేదంటే బంతి నిట్టనిలువుగా లేచి 20 గజాలు ముందే పడుతోంది, అది కూడా ఎడమవైపుకి. ఈ మూడూ నాకూ జరిగాయి. ఒకే రౌండ్లో మూడూ జరిగిన రోజులున్నాయి.

ముందే చెప్తున్నా, నేను కోచ్‌ని కాను. హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మేలు) 19. ఆడేది హైదరాబాద్‌లో, ఎక్కువగా గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లా దగ్గర, ఎప్పుడైనా ఎవరైనా పిలిస్తే గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్ కోర్సులో. మన ఊరి నేల సంగతి తెలిసిందే కదా, రాళ్లూ గుట్టలూ. ప్రాక్టీసు మాత్రం అంతా డ్రైవింగ్ రేంజ్‌లో అద్దంలా చదునుగా ఉన్న మ్యాట్ మీద. ఇక వాలు మీద కొట్టడం ఎక్కడ వస్తుంది?

ఒక మాట తేల్చుకుందాం. బంతి మీ పాదాలకంటే ఎత్తులో ఉండే అడ్డవాలు వేరు, దాని గొడవ వేరు. మీరు అడిగింది ముందు కాలు ఎత్తులో, వెనక కాలు పల్లంలో ఉండే లై, అంటే బంతి ఆగి ఉన్న తీరు. నేను కుడిచేతి వాటం వాళ్లకి చెప్తున్నాను, ఎడమచేతి వాళ్లు తిప్పి చదువుకోండి.

నాకు నేర్పినాయన మొదటి రోజు నుంచీ ఒకటే చెప్పేవారు: బరువు ముందు కాలి మీదకి రావాలి. చదును నేల మీద అది బంగారంలాంటి మాట. నేను దాన్ని గుట్ట మీదకి కూడా మోసుకెళ్లాను. ఎడమ మోకాలు వంచి, ఒళ్లంతా గుట్టకి ఆనించి, గోడకి చేరగిలినట్టు నిలబడేవాణ్ణి. అలా నిలబడితే చేతులు క్లబ్‌ని చదును నేల లెక్కలోనే దించుతాయి. ఎదురుగా నేలేమో లేచి ఉంటుంది. ఇంకేముంది, బంతి తగిలీ తగలకముందే క్లబ్ గుట్టలో గుచ్చుకుని ఆగిపోయేది. మణికట్టు జివ్వుమనేది. ఫాలోత్రూ, అంటే బంతి తగిలాక క్లబ్ ముందుకి సాగడం, అన్న మాటే లేదు.

ఒకరోజు ఇలా రెండుసార్లు పారలా తవ్వాక, క్యాడీ బ్యాగు కింద పెట్టి అన్నాడు: "సార్, గుట్ట మీద నిలబడి చదును మీద నిలబడ్డట్టు కొడుతున్నరు. కుడి భుజం జర దించుండ్రి." దించాను. వెనక్కి పడిపోతానేమో అనిపించింది. కొట్టాను. బంతి తగిలిన చప్పుడే మారిపోయింది.

అసలు విషయం మొత్తం ఆ భుజంలోనే ఉంది. రెండు భుజాలనీ కలిపే గీత, కాళ్ల కింద వాలు, రెండూ ఒకే కోణంలో ఉండాలి. సరిచూసుకోవడానికి ఒక క్లబ్‌ని ఛాతీకి అడ్డంగా పట్టుకోండి, అది నేలతో సమానంగా ఏటవాలుగా కనబడాలి. అప్పుడు మీ ఒంటి లెక్కలో గుట్ట చదునైపోయినట్టే, క్లబ్ వాలు వెంబడే పైకి సాగుతుంది. దీనివల్ల బరువు దానంతటదే కింది కాలి మీదకి చేరుతుంది. నాకైతే సగంకంటే కొంచెం ఎక్కువే చేరుతుంది. చేరనివ్వండి. బ్యాక్‌స్వింగ్‌లో (క్లబ్ వెనక్కి ఎత్తేటప్పుడు) మాత్రం కుడి మోకాలు బయటికి జారకూడదు. జారితే ఒళ్లంతా పల్లానికి ఒరిగి, క్లబ్ బంతికి నాలుగంగుళాల వెనకే నేలని తాకుతుంది. మీరు చెప్పిన 'మట్టిలో దిగబడటం' గుట్టలో గుచ్చుకోవడం వల్లా, ఇలా ఒరగడం వల్లా అన్నది డివట్ (క్లబ్ తగిలి నేల మీద పడే గుంట) చూస్తే తెలిసిపోతుంది. గుంట బంతి ఉన్నచోటే లోతుగా పడితే గుట్టకి ఆనుకుంటున్నారు. బంతికి వెనకాల గీసుకుపోతే ఒరిగిపోతున్నారు.

ఇక దూరం. భుజాలు వాలుతో కలిశాయంటే, క్లబ్ లాఫ్ట్‌కి (బంతిని లేపే క్లబ్ ముఖం కోణానికి) వాలు కోణం కూడా తోడవుతుంది. మీ 7 ఐరన్ లాఫ్ట్ 32 డిగ్రీలు, వాలు 6 డిగ్రీలు అనుకోండి. బంతి 38 డిగ్రీల క్లబ్‌తో కొట్టినట్టు లేస్తుంది, అంటే ఇంచుమించు 8 ఐరన్‌కీ 9 ఐరన్‌కీ మధ్యన. మీరు సరిగ్గా కొట్టినా తక్కువే పడుతుంది. ఆ 20 గజాలు మీ స్వింగ్ లోపం కాదు, క్లబ్ ఎంపికలో లోపం. 145 గజాలకి 6 తీయండి, వాలు గట్టిగా ఉంటే 5 తీయండి. 5 ఐరన్ మన చేతుల్లో లేవదని భయపడతాం కదా, ఇక్కడ లేపే పని గుట్ట చూసుకుంటుంది. నాలాంటి వాళ్లకి పొడవాటి ఐరన్ అందంగా లేచే చోటు కోర్సంతా కలిపి ఇదొక్కటే.

దీనిమీద ఇంకో మోసం ఉంది. రేంజ్‌ఫైండర్‌లో (దూరం కొలిచే పరికరంలో) స్లోప్ మోడ్ పెట్టుకుని, 'వాలు లెక్క ఇందులోనే వచ్చేసింది' అనుకుంటాం. అది చెప్పేది గ్రీన్ మీకంటే ఎంత ఎత్తులో ఉందన్న లెక్క. మీ కాళ్ల కింద నేల ఎంత వాలిందో దానికి తెలియదు. గ్రీన్ ఎత్తుకి ఒక లెక్క, లై వాలుకి మరో లెక్క, రెండూ విడివిడిగా కలుపుకోవాలి. నేను చాలాకాలం ఒకటే కలుపుకుని గ్రీన్ ముందున్న బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో కూర్చున్నాను. పోటీల్లో అయితే మామూలుగా ఆ స్లోప్ మోడ్ ఆపేయాలి. 2019 నుంచి ఉన్న నియమం ప్రకారం దూరం కొలవచ్చు, ఎత్తుపల్లాలు కొలవకూడదు.

బంతి ఎడమకి పోవడానికి కారణం నడుము. ముందు కాలు ఎత్తులో ఉంటే నడుము అటు తిరగడం కష్టం, మెట్లెక్కుతూ పక్కకి తిరగబోయినట్టు ఉంటుంది. నడుము ఆగిపోతే చేతులు ఆగవు, అవి ముందుకొచ్చి క్లబ్ ముఖాన్ని మూసేస్తాయి. దీన్ని స్వింగ్‌లో సరిచేయాలని నేను చాలా తంటాలు పడ్డాను. అనవసరం. కాస్త కుడికి గురిపెట్టండి, అంతే. మామూలు వాలుకి 140 గజాల దగ్గర నేను ఏడెనిమిది గజాలు కుడికి చూస్తాను. ఎడమ పాదం కొనని కొంచెం గ్రీన్ వైపు తిప్పి పెట్టినా నడుముకి దారి దొరుకుతుంది.

బంతిని ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఎవరి మాట వాళ్లది. చాలామంది ఎత్తు కాలివైపు జరపమంటారు. వాళ్లు చెప్పినంతా జరిపితే నాకు టాప్ షాట్లు (క్లబ్ బంతి పైభాగానికి తగిలేవి) వచ్చాయి. ఇప్పుడు మధ్య నుంచి ఒక్క బంతి వెడల్పు ముందుకి, అంతకుమించి జరపను. ఇంతకంటే నమ్మకమైన పద్ధతి ఏమిటంటే, బంతి పక్కనే అదే వాలు మీద రెండు ప్రాక్టీస్ స్వింగ్‌లు వేసి గడ్డి ఎక్కడ రాసుకుందో చూడటం. అక్కడే బంతి ఉండేలా నిలబడండి. ఈ పని వాలు మారినప్పుడల్లా చేయాలి, బద్ధకిస్తే ఫలితం వెంటనే కనబడుతుంది.

స్వింగ్ ముప్పావు చాలు. పెద్ద క్లబ్ తీశారు కాబట్టి బలం అక్కర్లేదు. వానాకాలంలో, ముఖ్యంగా ఆగస్టులో గడ్డి నానిపోయి ఉన్నప్పుడు కింది పాదం జర్రున జారుతుంది, స్పైకులు అరిగిపోయి ఉంటే మరీను. ఒకసారి జారకుండా ఉండాలని బూటు మడమతో మట్టి తవ్వి చిన్న మెట్టులాంటిది చేసుకోబోయాను. జతగా ఆడుతున్న పెద్దాయన చూసి, "బాబూ, అదిక్కడ కుదరదు" అన్నారు. ఆయన అన్నది నిజమే. పాదాలని గట్టిగా ఆనించుకోవచ్చు, ఇసుకలో, వదులు మట్టిలో కాస్త దిగేలా కదుపుకోవచ్చు. అంతేగాని నిలబడటానికి నేలని కట్టుకోకూడదు. నియమం 8.1 అదే, స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే ఆటలో) రెండు స్ట్రోకుల పెనాల్టీ.

ఇంతవరకూ చెప్పింది మామూలు వాలుకి. నిలబడటమే కష్టమైనంత నిటారుగా ఉంటే భుజాలు కలిపే ముచ్చట మానేయండి, వెనక్కి దొర్లుతారు. అక్కడ నేను ఎడమ మోకాలు బాగా వంచి, గుట్టకే ఆనుకుని, 9 ఐరన్‌తో సగం స్వింగ్ కొట్టి బయటపడతాను. క్లబ్ గుచ్చుకుంటుందని తెలిసే కొడతాను. బంతి ఎడమకే పోతుంది, పోనివ్వాలి. అక్కడి నుంచి గ్రీన్ కొట్టాలనుకున్న ప్రతిసారీ నాకు డబుల్ బోగీయే (ఆ హోల్‌కి ఉండాల్సినదానికంటే రెండు దెబ్బలు ఎక్కువ) దక్కింది.

చివరగా, ప్రాక్టీసు ఎక్కడ అంటారా? అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్. నిజంగానే. పొద్దున్నే ఆరింటికి, కార్లు కదలకముందు, ర్యాంప్ మీద పైకి చూస్తూ నిలబడి, బంతి లేకుండా రోజుకి ఇరవై స్వింగ్‌లు వేసేవాణ్ణి. వాచ్‌మన్ మొదటి రెండు రోజులు అనుమానంగా చూశాడు, మూడో రోజు నుంచి "సార్, ఇయ్యాల జర ఒరుగుతున్నరు" అని చెప్పడం మొదలుపెట్టాడు. క్లబ్ తగిలే చోట పాత టవల్ మడతపెట్టి పరుచుకోండి. నేను మొదటి రోజు పరచలేదు, నా 8 ఐరన్ అడుగున ఆ సిమెంటు గీతలు ఇంకా ఉన్నాయి.